మొదటి చెంబు

ఆరు నెలల్లో మా ఇంట్లో నీళ్లు కాచే సామాను మూడుసార్లు మార్చాం. మూడింటిలో ఒక్కటి కూడా చెడిపోలేదు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు ఎవరైనా నా ముందు అని ఉంటే వాళ్ల మీద ఇంతెత్తున లేచేదాన్ని. నాకు కోపం ముందొస్తుంది, తెలివి తర్వాతెప్పుడో తీరిగ్గా వస్తుంది.

తార్నాకలో ఒక సందులో, రెండో అంతస్తులో రెండు గదుల వాటా మాది. నేనూ అమ్మా ఉంటాం. నేను యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేస్తాను. ఫైళ్లు, టైపింగు, విద్యార్థుల కాగితాలు. నాన్న అదే క్యాంపస్‌లో మాలిగా చేసి, సర్వీసులో ఉండగానే పోయాడు. అమ్మ పని ఏమిటని బడిలో అడిగితే చెప్పడానికి నాకు సిగ్గుగా ఉండేది. అమ్మ బాలింతలున్న ఇళ్లకు వెళ్లి పసిపిల్లలకు నీళ్లు పోస్తుంది. క్వార్టర్లలో ప్రొఫెసర్ల ఇళ్లలోనూ, తార్నాక ఫ్లాట్లలోనూ, లాలాపేట్ బస్తీలోనూ ఆమెను అందరూ నీళ్లవ్వ అనే పిలిచేవాళ్లు. నలభై ఏళ్లలో ఎంతమందికి పోసిందో ఆమెకే తెలియదు. ఒకసారి బస్టాపులో గడ్డమున్న ఒక మనిషిని చూపించి, "గీయన గూడ నా కాళ్ల మీద ఏడ్చినోడే" అంది. అప్పుడు సిగ్గుపడటం మానేశాను.

ఆ పని ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెప్తాను. అమ్మ బాత్రూంలో చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైదాకా ఎత్తి కట్టి, రెండు కాళ్లూ ముందుకు చాపుతుంది. నూనె రాసిన బిడ్డను ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెడుతుంది. పక్కన బకెట్లో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఉంటాయి. అయితే బిడ్డను కాళ్ల మీదికి తీసుకునే ముందు ఒక పని చేస్తుంది. చెంబు నిండా నీళ్లు ముంచి, మోకాలి కింది నుంచి పాదాల దాకా తన కాళ్ల మీద పోసుకుంటుంది. అది మొదటి చెంబు. ఆ వేడి సరిగ్గా ఉందనిపిస్తేనే రెండోది బిడ్డ మీద పడుతుంది.

చేతితో చూడొచ్చు కదా అని నేను చిన్నప్పుడు అడిగితే నవ్వింది. "చెయ్యి పొద్దుగాల లేస్తే పొయ్యికాడ గంజులు దించుతది. దానికేం తెలుస్తది? కాలికి తెలుస్తది. పిల్లగాడు పండేది గాడనే గదా."

ఆమె కాళ్లు మోకాళ్ల కింద నున్నగా, వెంట్రుక లేకుండా, ఎప్పుడూ కొబ్బరినూనె వాసనతో ఉండేవి. ఆమె బతుకంతా ఆ రెండు కాళ్ల మీదే నడిచింది. జీతమూ అవే, పరువూ అవే. నాన్న పోయి క్వార్టరు ఖాళీ చేసిన ఏడాది నన్ను చదివించింది కూడా అవే.

క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ మాకు రాగి బాయిలర్ ఉండేది. నాన్న కొట్టిన కొమ్మలు, గాలికి రాలిన పుల్లలు క్యాంపస్‌లో ఎన్ని కావాలంటే అన్ని. మధ్యలో ఉన్న గొట్టంలో నాలుగు పుల్లలు వేస్తే అరగంటలో నీళ్లు మరిగేవి. తార్నాకకు మారాక ఇంటాయన పొగ పనికిరాదన్నాడు. బాయిలర్ బాల్కనీలో ఉల్లిగడ్డలు పోసుకునే డబ్బా అయింది. దానికి బదులు బకెట్లో పెట్టే హీటర్ రాడ్ కొన్నాం. పదేళ్లకు పైగా దానితోనే వెళ్లదీశాం. ఎప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు.

రెండేళ్ల కింద చలికాలంలో అమ్మ మొదటిసారి అంది. "నీళ్లు కాగుతలేవు బిడ్డా."

రాడ్ పాతదయిందనుకుని కొత్తది, ఇంకా పెద్దది తెచ్చాను. నెల తిరక్కుండానే అదే మాట. "ఉత్త గోరువెచ్చగ ఉంటున్నయి. స్నానం జేసినట్టే లేదు." అప్పుడు గోడకు బిగించే చిన్న గీజర్ పెట్టించాను. పంపు తిప్పగానే వేడినీళ్లు వచ్చే రకం. దానికీ ఆమె వంక పెట్టింది. ఉగాది దాటింది, ఎండలు ముదిరాయి, అయినా నీళ్లు చాల్లేదంది. నేను విసుక్కున్నాను. విసుక్కుంటూనే పదిహేను లీటర్ల పెద్ద గీజర్ తెచ్చాను.

నా స్నానం నేను ఎలా చేశానో కూడా చెప్పాలి. అదే బాత్రూం, అవే నీళ్లు. నాకు సగం బకెట్ చన్నీళ్లు కలపందే చెయ్యి పెట్టడానికి వీల్లేకపోయేది. ముసలివాళ్లకు చలెక్కువ అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. గోలీలు గుర్తుంటే వేసుకునేది, లేకపోతే లేదు. ఆ రోజుల్లోనే ఒకటి రెండుసార్లు ఒంటికాలి చెప్పుతో ఇంటికి వచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదంది. నేను పడీ పడీ నవ్వాను. "ఇంకో చెప్పు ఏ ప్రొఫెసరింట్ల దానం జేసొచ్చినవే?" అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఒక మనిషి కాలి నుంచి చెప్పు జారిపోతే ఆ మనిషికి తెలియకపోవడం ఏమిటని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పెద్ద గీజర్ బిగించిన మిస్త్రీది లాలాపేట్. ముప్పై ఐదేళ్లుంటాయి. అమ్మకు ముందు నుంచీ ఎరుక. పని శుభ్రం, మాట తక్కువ. గోడకు రంధ్రాలు వేసి, గీజర్ ఎక్కించి, నీళ్లు పట్టి చూపించాడు. అమ్మ చెంబుతో కాళ్ల మీద పోసుకుని పెదవి విరిచింది.

"జర పెంచు కొడుకా. గిది కూడ గట్లనే ఉన్నది."

అతను కింద మూత విప్పి, వేడి ఎంతలో ఆగాలో నిర్ణయించే లోపలి మరను స్క్రూడ్రైవర్‌తో కొంచెం తిప్పాడు. అమ్మ మళ్లీ పోసుకుంది. మళ్లీ పెంచమంది. అతను నా వైపు చూశాడు.

"అక్కా, ఇది ఆఖరి గీత. ఇంతకంటె ఎక్కువ ఉండది. మీరు చన్నీళ్లు కలుపుకోకుండ పోసుకోకుండ్రి."

"ఆమె చెప్పినట్టు పెట్టవయ్యా. పోసుకునేది ఆమె" అన్నాను నేను. ఆఫీసుకు ఆలస్యమవుతోందని నా గొడవ.

అదే నెలలో మా డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పే ఒక మేడమ్‌కు బాబు పుట్టాడు. ఆపరేషన్ చేసి తీశారు. మేడమ్‌కు తల్లి లేదు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. క్యాంపస్ క్వార్టర్లో భార్యాభర్తలిద్దరే. ఆమె నన్ను అక్కా అంటుంది, నా కాంట్రాక్టు కాగితం కదిలించడానికి రెండుసార్లు తనే ఆఫీసుల చుట్టూ తిరిగింది. "అక్కా, మీ అమ్మగారిని కొన్ని రోజులు పంపిస్తారా? నాకు వాణ్ని ఎత్తుకోవాలంటేనే భయమేస్తున్నది" అని ఫోన్ చేసింది. పంపిస్తాను మేడమ్ అన్నాను. మూడు నెలలు పోస్తానని అమ్మ మాటిచ్చింది.

వెళ్లిన వారానికే అమ్మ అక్కడా మొదలుపెట్టింది. వాళ్ల గీజర్ పాతది, నీళ్లు కాగడం లేదు, పిల్లగాడికి సర్ది చేస్తుంది అని. నీళ్లవ్వ మాట బాలింత ఇంట్లో డాక్టర్ మాట కంటే ఎక్కువ చెల్లుతుంది. వాళ్లు వెంటనే కొత్తది తెచ్చారు. బిగించడానికి మనిషి కావాలంటే మా మిస్త్రీ నంబరు నేనే ఇచ్చాను. అక్కడా అమ్మ పీట మీద కూర్చుని, చెంబుతో కాళ్ల మీద పోసుకుని, పెంచమంది. అతను పెంచాడు. అప్పటికింకా ఆమె బకెట్లో చన్నీళ్లు కలిపేది. కలిపే నీళ్లు రోజు రోజుకూ తగ్గుతున్నాయని తర్వాత లెక్కవేసుకుంటే తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున అమ్మ స్నానం చేసి వచ్చి, మంచం మీద కూర్చుని తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటోంది. నేను ఎదురుగా కూరగాయలు తరుగుతున్నాను. తువ్వాలుతో పాటు ఏదో పల్చగా, తడి కాగితంలా లేచి వచ్చింది. అమ్మ దాన్ని వేళ్లతో లాగి కింద పడేసి, తుడుచుకోవడం సాగించింది. అది ఆమె కాలి తోలు. కింద ఎర్రగా, చెమ్మగా అరచేయంత మేర కనిపించింది. రెండో కాలి మీద బొబ్బలు.

"అమ్మా! నొప్పి లేదా?"

"ఏంది?" అంది ఆమె. కిందికి చూసుకుంది. చూసుకున్నాక కూడా ఆమె ముఖంలో నొప్పి లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. "గిదెప్పుడైంది?"

నేను కత్తి పక్కన పెట్టి, లేచి వెళ్లి, స్టవ్ మీద కాగుతున్న పాల గిన్నెలోంచి గరిటె తీసి తెచ్చాను. ఎందుకలా చేశానో చెప్పలేను. ఆ గరిటె కొస ఆమె మడమ పక్కన ఆనించాను. ఆమె నా ముఖం వైపే చూస్తూ ఉంది. కాలు కదల్లేదు. ఏం చేస్తున్నావని అడిగింది. గరిటె తీసేశాక, "ఏం లేదమ్మా" అన్నాను.

అప్పుడు మూడు హీటర్లూ ఒకదాని తర్వాత ఒకటి నాకు అర్థమయ్యాయి. నీళ్లు ఎప్పుడూ కాగుతూనే ఉన్నాయి. ఆమె కాళ్లకే అది తెలియడం ఆగిపోయింది. నేను ప్రతిసారీ హీటర్ మార్చాను.

ఆ రోజే అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ పోయిందని, ఇక పసిపిల్లలకు నీళ్లు పోయొద్దని. ఆమె విన్నది. విని, నా మీద మండిపడింది.

"నలభై ఏండ్లు పోసిన. ఒక్క పిల్లగానికి ఎర్రగ గూడ కాలే. నిన్నగాక మొన్న పుట్టిన నువ్వు చెప్తున్నవా నాకు?"

"నీ కాళ్లు చూసుకోవే అమ్మా."

"నా కాళ్లు నాకెరుక."

చాలాసేపు అరుచుకున్నాం. చివరికి ఆమె అలిసిపోయి, గోడకు ఆనుకుని, వేళ్ల మీద లెక్కపెట్టింది. మూడు నెలల్లో ఇంకా పన్నెండు రోజులున్నాయి. "ఈ పిల్లగానికి మూడు నెలలు నిండనీ. నడుమల ఇడిసిపెడితే ఏమనుకుంటరు? గదే ఆఖరు. ఇగ ఎవరింటికీ పోను" అంది. నీళ్లు ముందు ఆ మేడమ్‌తో చెయ్యి పెట్టించి చూపిస్తానని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

నేను ఒప్పుకున్నాను. ఇక్కడ నేనేమీ దాచను. ఆ ఒట్టును నేను నమ్మలేదు. నా తల్లి తనకంటే ఎంతో చిన్నదైన మేడమ్‌ను పిలిచి, నాకు తెలియడం లేదు, మీరు చెయ్యి పెట్టి చూడండి అని అడగదని నాకు బాగా తెలుసు. కానీ అమ్మ ఇంట్లో ఉత్తగా కూర్చోవడం చూడలేననుకున్నాను. నీళ్లవ్వ కాని అమ్మ ఎలా ఉంటుందో ఊహించడానికే నాకు భయమేసింది. పన్నెండు రోజులే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం మేడమ్‌కు ఒక మెసేజి రాశాను. 'నీళ్లు పోసే ముందు ఒకసారి మీరు చూడండి మేడమ్' అని. పంపితే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఇన్ని రోజులూ ఏమైందంటుంది. చెరిపేశాను.

అమ్మ కాళ్లకు మందు రాసి, పల్చటి బట్ట చుట్టాను. సోమవారం వెళ్లింది. మంగళవారం వెళ్లింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే అడిగేదాన్ని, చూపించావా అని. చూపించిన అనేది. నేను ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

బుధవారం పదిన్నరకు డిపార్ట్‌మెంటులో నా ఫోన్ మోగింది. మేడమ్ గొంతును నేను మొదట గుర్తు పట్టలేకపోయాను.

ఆ బాబు రోజూ నీళ్లప్పుడు ఏడ్చేవాడే. ఏ పిల్లలైనా ఏడుస్తారు, అందుకే ఆ ఏడుపును ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు కూడా ఏడ్చాడు. అమ్మ మొదటి చెంబు తన కాళ్ల మీద పోసుకుంది, చాలనుకుంది, రెండో చెంబు వాడి నడుము మీద పోసింది. వాడి ఏడుపు మధ్యలో ఆగిపోయి, ఊపిరి పట్టి, ముఖం నల్లబడిందట. అప్పుడు అమ్మ వాడి వీపు చూసింది. చన్నీళ్ల బకెట్లోకి వాణ్ని నడుము దాకా దించి, అరిచింది.

నేను ఆస్పత్రికి వెళ్లేసరికి బాబును లోపలికి తీసుకుపోయారు. మేడమ్ బెంచీ మీద కూర్చుని ఉంది, జుట్టు ముడి కూడా వేసుకోలేదు. అమ్మ కింద, గోడ పక్కన, తడి చీరతో కూర్చుని ఉంది. మేడమ్ భర్త ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఫోన్ పక్కకు పెట్టాడు.

"ఆ గీజర్ వల్లే ఇదంతా. ఒక్కసారిగా మరిగే నీళ్లు వచ్చినయంట. అసలు ఆ మనిషి దాన్ని ఎంత మీద పెట్టిపోయిండు?"

అమ్మ తలెత్తి నా వైపు చూసింది. ఏదో చెప్పబోతోందని నాకు అర్థమైంది. ఆమె నోరు తెరిచే లోపే నేను అన్నాను.

"అవును సార్. మా ఇంట్ల గూడ గట్లనే చేసిండు. సరిగ్గ సెట్ చెయ్యలేదు."

అమ్మ తల దించుకుంది. ఆ మాట నేను కావాలని తయారు చేసుకుని అనలేదు. నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి బోలెడంత సమయం ఉంది. ఆ రోజంతా ఉంది, మరునాడు ఉంది, ఆ తర్వాత నెలలున్నాయి.

బాబు బతికాడు. ప్రాణానికి ముప్పు లేదని మొదటి రోజే చెప్పారు. కానీ మూడు వారాలు కట్లు మార్చారు. కట్టు విప్పుతున్నప్పుడు వాడు అరిచే అరుపు ఆ వార్డు మెట్ల దాకా వినిపించేది. నేను మెట్ల దగ్గరే ఆగిపోయేదాన్ని. పళ్లు కొనుక్కుని వెళ్లి, మేడమ్ చేతిలో పెట్టి వచ్చేసేదాన్ని. ఆమె ప్రతిసారీ అమ్మ గురించే అడిగింది. "అవ్వ తింటున్నదా అక్కా? ఆమె తప్పేం లేదని చెప్పండి. అవ్వ వెంటనే చన్నీళ్లల్ల ముంచకపోతే ఇంకా ఘోరమయ్యేదని డాక్టర్ అన్నరు."

గీజర్ తీయించి వేరేది పెట్టించుకున్నారు. మేడమ్ భర్త క్వార్టర్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో మిస్త్రీ పేరూ నంబరూ పెట్టి, ఈ మనిషిని ఎవరూ పిలవొద్దని రాశాడు. ఆ సందేశం తిరిగి తిరిగి నాకూ వచ్చింది. క్యాంపస్ పనులే అతనికి సగం బతుకు. నేను దాన్ని చదివి, ఫోన్ బోర్లా పెట్టి, టైపింగు చేసుకున్నాను.

అమ్మ ఇక ఎవరింటికీ వెళ్లలేదు. పిలుపులు వచ్చినా శాతనైతలేదంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే స్పర్శ మోకాళ్ల దాకా పోయిందన్నాడు, మందులు రాశాడు, చెప్పులు లేకుండా నడవొద్దన్నాడు. ఆమె బాత్రూంలో గీజర్ వెయ్యడం మానేసింది. పంపు నీళ్లతోనే స్నానం. చలికాలంలో కూడా. నేను స్విచ్ వేస్తే ఆమె వచ్చి ఆపేసేది.

"చలేస్తదే అమ్మా."

"నా కాళ్లకు రెండూ ఒక్కటే" అనేది. మిగతా ఒళ్లు వణుకుతుండగా అనేది.

ఆస్పత్రిలో నేనన్న మాట గురించి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే గదిలో, ఒకే కూర తిని, ఒకే టీవీ చూస్తూ ఇద్దరం ఆ మాట చుట్టూ ఏడు నెలలు తిరిగాం. అమ్మను కాపాడానని నాకు నేను చెప్పుకున్నాను. మొదట్లో నమ్మాను కూడా.

ఏడు నెలలకు మా ఇంటి గీజర్ నిజంగానే చెడిపోయింది. ఒక పొద్దున నేను స్విచ్ వేస్తే లైటు వెలగలేదు, చన్నీళ్లే వచ్చాయి. మూడు బాగున్న హీటర్ల తర్వాత ఇది మొదటి చెడు హీటర్. సందు మొదట్లో ఎలక్ట్రికల్ షాపువాణ్ని అడిగి ఎవరినైనా పంపించమంటానని చెప్పాను. అమ్మ మంచం మీది నుంచే అంది.

"ఎవరినో ఎందుకు? గా పిల్లగాన్నే పిలు."

"ఆయన రాడే."

"పిలు. రాకపోతే అప్పుడు సూద్దాం."

పిలిచాను. ఒక్క రింగుకే ఎత్తాడు. మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. సన్నబడ్డాడు. బండి మీద సామాను పెట్టె బదులు ఒక సంచి ఉంది. నేరుగా బాత్రూంలోకి వెళ్లి, మూత విప్పి, లోపలి కాయిల్ కాలిపోయిందన్నాడు, మార్చాడు. మర దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపాడు.

"ఎంత మీద పెట్టమంటరు?" అని అడిగాడు. నన్ను కాదు, నా వెనక తలుపు దగ్గర నిలబడ్డ అమ్మను.

అమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చి, తన పాత పీట జరుపుకుని దాని మీద కూర్చుంది. చీర కొంచెం పైకి లాగింది. కాళ్ల మీద తోలు రెండు చోట్ల తెల్లగా, ముడతలు పడి మానింది.

"గా పిల్లగాడు కాలింది నీ గీజర్ వల్ల కాదు కొడుకా. నా కాళ్లు సచ్చిపోయినయి. నీళ్ల వేడి నాకు ఎరుక లేదు."

అతను స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని ఆమె కాళ్ల వైపు చూశాడు. "తెలుసవ్వా" అన్నాడు. "గా సారు పిలిస్తే ఆ దినమే పోయి సూసిన. గీజర్ల ఏం ఖరాబు లేకుండె. ఇక్కడ నువ్వు పెంచుమన్న దినమే నాకు అనుమానం గొట్టింది. ఆ నీళ్లు నా చేతి మీద పడితే నేను తట్టుకోలే, నువ్వు కాళ్ల మీద పోసుకున్నవు."

"మరి గా సారుకు చెప్పకపోతివి?"

"చెప్తే నిన్నంటరు గదా." అతను మర తిప్పుతూ, మా ముఖాలు చూడకుండా అన్నాడు. "నా ఇద్దరు బిడ్డలకు నీళ్లు పోసినవు అవ్వా నువ్వు. చిన్నది నెల తక్కువల పుట్టింది. నువ్వే బతికిచ్చినవు దాన్ని. ఎట్ల చెప్పాలె?"

అమ్మ చీర కిందికి దించి కాళ్లు కప్పుకుంది. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది. "ఈమెకు ముందే తెలుసు. తెల్సి నీ మీద పెట్టింది."

అది అతనికి తెలియదు. ఆ క్షణం దాకా అతను, నేను కూడా తనలాగే తర్వాత తెలుసుకుని ఉంటాననుకున్నాడు. నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. సంచి సర్దుకుని, డబ్బులిస్తే తీసుకోకుండా, "చన్నీళ్లు కలుపుకోండ్రి అక్కా" అని మెట్లు దిగిపోయాడు.

అమ్మ లేచి చెప్పులు వెతుక్కుంది. "నడువు" అంది.

"ఎక్కడికే?"

"ఎక్కడికో నీకెరుక లేదా?"

ఆటోలో క్యాంపస్‌కు వెళ్లాం. గేటు దాటాక దిగి, నాన్న నీళ్లు పోసి పెంచిన చెట్ల కింద నుంచి క్వార్టర్ల వైపు నడిచాం. దారిలో అమ్మ ఎడమ కాలి చెప్పు జారిపోయింది. ఆమె నడుస్తూనే ఉంది. నేను వంగి దాన్ని తీసి, ఆమెను ఆపి, కాలికి తొడిగాను. పాదం చల్లగా ఉంది. అన్నీ నేనే చెప్పాలి, అమ్మతో చెప్పించకూడదు అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. తలుపు తెరుచుకునే దాకా ఆ ధైర్యం ఉంది.

మేడమ్ తలుపు తీసి, అమ్మను చూసి, ముఖం వెలిగిపోయి, "అవ్వా!" అంది. లోపల చాప మీద బాబు కూర్చుని ఉన్నాడు. ఎండాకాలం కాబట్టి చొక్కా వేయలేదు. గిన్నెతో నేల మీద కొడుతూ మా వైపు చూసి, ఎవరో తెలియక, మళ్లీ వెనక్కి తిరిగి కొట్టుకున్నాడు. అప్పుడు వాడి నడుము కనిపించింది. అక్కడి చర్మం వాడి ఒంటి రంగులో లేదు.

మేడమ్ కుర్చీ జరిపింది. అమ్మ కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, మిస్త్రీతో చెప్పిన మాటే చెప్పింది. గీజర్‌ది తప్పు కాదని, కాళ్లలో స్పర్శ లేదని, తెలిసి కూడా ఇంకా పన్నెండు రోజులని వచ్చానని. ఎక్కడా ఏడవలేదు. ఆ మిస్త్రీని మళ్లీ పనికి పిలవమని కూడా అంది. నేను ఆమె పక్కన నిలబడి, నోరు తెరవకుండా, వాడి గిన్నె చప్పుడు వింటున్నాను.

మేడమ్ అంతా విన్నది. అమ్మ మీద ఆమెకు కోపం వచ్చినట్టు కనిపించలేదు. ఆమె అమ్మను దాటి నన్ను చూసింది. ఆమె సెలవు ముగిసినప్పటి నుంచి రోజూ ఆఫీసులో ఎదురుపడుతున్నాం. ఆమె తెచ్చిన టీ తాగాను. బాబు ఫొటోలు చూపిస్తే చూశాను.

"అక్కా" అంది. "మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి అప్పుడు కూడా వీలుంది. అమ్మ నన్ను ఆపేది కాదు.

"మూడు రోజుల ముందు మేడమ్" అన్నాను.

ఆమె వంగి బాబును ఎత్తుకుంది. వాడి నడుము మీద తన అరచెయ్యి ఆనించి, మాకు కనబడకుండా కప్పి, లోపలి గదిలోకి వెళ్లిపోయింది. వీధి తలుపు వెయ్యలేదు. మేం గడప దగ్గరే చాలాసేపు నిలబడ్డాం. ఆమె మళ్లీ బయటికి రాలేదు.